బ్యాటరీకీ మోటారుకూ మధ్య జానెడు తీగ

రేడియోతో నడిచే పడవ అనగానే పిల్లల ఆటబొమ్మ అనుకుంటారు. ఆ ఆలోచనతో ఈ పనికి వచ్చినవాళ్ళు మొదటి వారంలోనే వేళ్ళు కాల్చుకుంటారు. మేము చేసిన పడవలు సంచిలో పట్టేవి కావు. చంకలో పెట్టుకుని మోయాలి, నీళ్ళలో వదిలితే రోడ్డు మీది మోటారు సైకిలుకు తీసిపోవు. అంత బలమూ బ్యాటరీలోంచి మోటారుకు చేరేది జానెడు తీగలోంచి, చిటికెన వేలంత లేని కనెక్టర్లలోంచి. పడవ రంగు అందరూ చూస్తారు, వేగం అందరూ చూస్తారు, ఆ జానెడు ఎవరూ చూడరు. నేను ఇన్నేళ్ళు చేసిన ఉద్యోగమంతా ఆ జానెడే.

ఇప్పుడు నా బల్ల దగ్గర కూర్చుంటున్న ఆడపిల్లలు తెలిసింది రాసిపెట్టమన్నారు. నేను బడికి పోలేదు. మా అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ, దేవుడి పాటలు చదువుకోవడానికని నాకు అక్షరాలు చెప్పింది. ఆ అక్షరాలే ఇవి. అమ్మకు దండం. సూరత్‌లో, బమ్రోలిలోని తన వర్క్‌షాపులో చోటిచ్చి పని నేర్పిన హస్ముఖ్‌భాయ్‌కి దండం. పొద్దున దీపం ముందు నేను తలుచుకునే పేర్లలో మూడోది నా తమ్ముడు మల్లేశంది. పోయిన వానాకాలంలో ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. వైర్ల గురించి రాయమంటే తమ్ముడి గురించి రాసిందేమిటని అనుకోవద్దు. తీగ ఎందుకు సరిగ్గా ఉండాలో నాకు తెలిసింది వాడి వల్లే. ఆ పడవల రిమోట్ పట్టుకునే పని తప్ప వాడు జీవితంలో ఇష్టపడి చేసిన పని ఇంకోటి లేదు.

తేలిక తీగ

హస్ముఖ్‌భాయ్ మొదట మగ్గాల మోటార్లు కాలిపోతే వైండింగ్ చేసేవాడు. పడవల పిచ్చి తర్వాత పట్టింది. నేను వర్క్‌షాపు ఊడ్చడానికి చేరాను. నా వేళ్ళు సన్నని పోగులు విడదీయడం చూసి సోల్డరింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఆయన మాట సగం గుజరాతీ, సగం హిందీ. నన్ను బెన్ అనేవాడు, అంటే అక్కా అని. ఇక్కడ మన మాటలో రాస్తున్నాను.

ఒకరోజు రెండు తీగ చుట్టలు తెచ్చి నా రెండు చేతుల్లో పెట్టాడు.

"బెన్, ఏది తీసుకుంటావు?"

"ఇది తేలికగ ఉంది. ఇదే తీస్కుంట."

"తేలికది మంచిదా?"

"పడవకు తేలికదే మంచిది గద సేఠ్?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకునేంత నవ్వాడు. "సలాబత్‌పురా బట్టల బజారులో పాలియెస్టర్‌ని పట్టు అని చెప్పి అమ్మేవాడికి నీలాంటి గిరాకీ దొరకాలి! వాడి ఏడు తరాలు కూర్చుని తింటాయి."

తర్వాత బ్లేడుతో ఆ తేలిక తీగ పోగును గీకాడు. పైన రాగి రంగు, లోపల తెల్లగా అల్యూమినియం. బజారులో సగం తీగ ఇలాంటిదే. చిన్న బొమ్మకు నడుస్తుంది. మన పడవలో పెడితే వేడెక్కి, సోల్డరు దగ్గర పట్టు వదిలేస్తుంది. పైన వెండి రంగు పూత ఉన్న తీగను చూసి భయపడకండి. గీకితే లోపల ఎర్రగా రాగి కనబడితే అది మంచిదే. గీకకుండా ఏ తీగనూ నమ్మవద్దు. పై తొడుగుకు వేడి ఐరన్ ఆనించి చూడండి. మంచి సిలికాన్ తొడుగు కరగదు. లోపల పోగులు వెంట్రుకల్లాగా సన్నగా, ఎక్కువగా ఉండాలి. లావు పోగులు తక్కువగా ఉన్న తీగ పడవ అదురుకు విరుగుతుంది. ఎంత లావు తీగ కావాలో మోటారు గుంజే కరెంటును బట్టి చూసుకోవాలి, పడవలో ఉన్న చోటును బట్టి కాదు. చోటు లేదని తీగ తగ్గించినవాళ్ళను చాలామందిని చూశాను. తీగకు చోటు లేని పడవలో అంత మోటారు పెట్టడమే తప్పు.

మల్లేశం వదిలిన కొస

మాది సిరిసిల్ల వైపు మగ్గాల కుటుంబం. మల్లేశం మీసాలు రాకముందే సూరత్ వచ్చి మగ్గాల్లో పడ్డాడు. గోడాదరాలో మా ఇంట్లోనే ఉండేవాడు. పగలంతా మగ్గం చప్పుడు విని విని వాడి చెవులు చిన్నగా పోవడం మొదలైంది. అప్పుడు హస్ముఖ్‌భాయ్‌ని బతిమాలి వర్క్‌షాపుకు తెచ్చుకున్నాను. గట్టిగా మాట్లాడితే వినేవాడు అప్పటికి.

మా ఇళ్ళల్లో ఒక అలవాటుంది. మగ్గం మీద పడుగు అయిపోతే మొత్తం తీసేయరు. పాత పడుగు కొసను అచ్చులో అట్లాగే వదిలి, కొత్త పడుగును ఒక్కో పోగూ దానికి అతుకుతారు. కొస లేకుండా ఉత్త మగ్గాన్ని చూస్తే మాకు ఏదోలా ఉంటుంది. మల్లేశం చేతికి మొదటిసారి పడవ ఇస్తే, బ్యాటరీ తీగను కత్తిరించడానికి వాడికి చెయ్యి రాలేదు. మిగిలిన పొడవంతా నూలు చిలపలాగా చుట్టి, దారంతో ముద్దుగా కట్టి, పడవ లోపల పెట్టాడు. చెరువులో రెండో చుట్టు తిరగకముందే మోటారుకు కరెంటు అందించే కంట్రోలర్ టప్పుమని పేలింది.

హస్ముఖ్‌భాయ్ ఆ చుట్టను పైకెత్తి ఊపాడు. "మల్లేశ్‌భాయ్, ఇది పడవా, నీ మగ్గమా?"

"జర ఎక్కువుంటే ఏమైతది సేఠ్? నడిచేది కరెంటు. దానికి కాళ్ళు నొస్తయా ఏంది?"

"దానికి నొప్పి లేదు. కంట్రోలర్‌కి గుండె ఆగింది!"

అందరం నవ్వాం. సంగతి మాత్రం నవ్వేది కాదు. కంట్రోలర్ కరెంటును ఆపకుండా తెంచి కలుపుతూ ఉంటుంది. బ్యాటరీ వైపు తీగ పొడుగైతే, తెంచిన ప్రతిసారీ ఆ తీగలోని ఊపు కంట్రోలర్ మీదికే తన్నుతుంది. లోపలి కెపాసిటర్లు వేడెక్కి పేలతాయి. పొడవు పెంచక తప్పకపోతే మోటారు వైపు పెంచండి. బ్యాటరీ వైపే పెంచాల్సివస్తే కంట్రోలర్ పక్కన అదనంగా కెపాసిటర్లు కట్టండి. మల్లేశం ఆ తర్వాత ఏ పడవలోనూ కొస వదల్లేదు. ఒక్కసారి చెబితే చాలు వాడికి.

కనెక్టర్ల సంగతి

కనెక్టరు పెట్టేటప్పుడు మొండికేయాలి, తీసేటప్పుడు కోపం తెప్పించాలి. సుతారంగా జారిపోయే కనెక్టరు ముసలిదైపోయిందని అర్థం, పారేయండి. లోపలి స్ప్రింగు రేకు వదులైతే ఆనే చోటు తగ్గుతుంది, ఆనే చోటు తగ్గితే అక్కడ నిప్పు పుడుతుంది. బ్యాటరీ వైపు ఎప్పుడూ లోహం బయటికి కనబడని ముక్కే ఉండాలి. పెద్ద బ్యాటరీని కలిపేటప్పుడు మొదటి తాకిడిలో మెరుపు వస్తుంది. ఆ మెరుపు కనెక్టరు మొహాన్ని కొంచెం కొంచెంగా తినేస్తుంది. మెరుపు ఆపే కనెక్టర్లు దొరుకుతున్నాయి, అవి వాడండి. మేము పడవలు నడిపేది సముద్రం వైపు, వదిలేసిన రొయ్యల చెరువులో. అక్కడివి ఉప్పు నీళ్ళు. ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టకపోతే నెలలో పచ్చగా చిలుము పడుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, పడవ ఒడ్డుకు రాగానే మూత తీసి ప్రతి కనెక్టరునూ వేలి వెనకభాగంతో ముట్టుకోవాలి. గోరువెచ్చగా ఉంటే సరే. వేలు నిలవలేకపోతే ఆ రోజుకు ఆట ముగిసినట్టే.

హస్ముఖ్‌భాయ్ అన్న కొడుకు జిగ్నేశ్ కామర్స్ చదివి వచ్చాడు. మంచి పిల్లవాడే. సోల్డరు పొగ మా ముక్కుల్లోకి పోతోందని మొదటి వారంలోనే పొగ లాగే ఫ్యాను పెట్టించాడు. అది మరవను. కానీ వాడికి పడవ మూత కింద కూడా అందంగా కనబడాలి.

"బెన్, ఇంత బండ కనెక్టరు ఎందుకు? కస్టమర్ మూత తీస్తే నీట్‌గా ఉండాలి కదా."

"కస్టమర్ మూత ఎప్పుడు తీస్తడు భయ్యా? పొగ వచ్చినప్పుడే గద!"

నవ్వాడు. అయినా చిన్న కనెక్టర్లే తెప్పించాడు. చిన్నది కూడా పనిచేస్తుంది, అన్నీ సరిగా ఉన్నంతసేపు. తీసుకునేటప్పుడు బాగున్న రోజును కాదు, చెడ్డరోజును తలుచుకుని తీసుకోండి. మోటారు ఇరుక్కున్న రోజు, ఎండ మండిన రోజు. నా అభిప్రాయం ఇంతే, ఇందులో మొహమాటం లేదు.

గట్టు మీద నా చెవులు

మల్లేశం వేళ్ళు రిమోట్ మీద పడితే పడవ వాడి మాట వినేది. గిరాకీకి ఇచ్చే ముందు ప్రతి పడవనూ ఆదివారం పొద్దున వాడే నడిపి చూసేవాడు. కానీ నడిపేవాళ్ళంతా పడవను చెవితో నడుపుతారు. నీళ్ళలో తిరిగే పడవ ఫ్యానుకు ఏదైనా చుట్టుకుంటే మోటారు గొంతు మారుతుంది, బరువుగా మూలుగుతుంది. అప్పుడు కరెంటు ఎక్కువ గుంజుతుంది, కనెక్టరు కాలుతుంది. కనెక్టరు ఊడితే చుక్కాని కూడా పనిచేయదు. అంత వేగంలో పడవ ఎటు పోతుందో, ఎవరి కాళ్ళకు తగులుతుందో తెలియదు. మల్లేశానికి ఆ గొంతు వినపడేది కాదు. కొన్నాళ్ళకు ఏ గొంతూ వినపడకుండా పోయింది.

హస్ముఖ్‌భాయ్ ఒకటే మాట చెప్పాడు. "బెన్, నువ్వు గట్టు మీద నిలబడి వింటే మల్లేశ్‌భాయ్ నడపొచ్చు. నువ్వు లేని రోజు రిమోట్ ముట్టుకోవద్దు."

మగ్గాల షెడ్డులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అక్కడ అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. బొటనవేలు నోటి దగ్గర పెడితే చాయ్. మీసం దువ్వితే సేఠ్ వస్తున్నాడని. మీసం లేని సేఠ్‌కు కూడా అదే సైగ. రెండు చూపుడు వేళ్ళు కలిపి టక్కున విడదీస్తే పోగు తెగింది, మగ్గం ఆపమని. మేమిద్దరం ఆ సైగలే చెరువు దగ్గర వాడుకున్నాం. మోటారు గొంతు మారితే నేను రెండు వేళ్ళు విడదీసేదాన్ని, వాడు పడవ ఆపేవాడు. ఎన్నో కనెక్టర్లు అలా మిగిలాయి. ఆదివారాల్లో ఆ గట్టు నాకు గుడి లాగా ఉండేది.

ఉత్తరాయణ్ తర్వాతి ఆదివారం

ఉత్తరాయణ్‌కు, అంటే మన సంక్రాంతికి, సూరత్ అంతా గాలిపటాలే. గాలిపటాల నుంచి తెగిన మాంజా దారం చెట్ల మీద, కరెంటు తీగల మీద, నీళ్ళ మీద వారాల తరబడి ఉంటుంది. ఆ పండుగ తర్వాతి ఆదివారం ఒక వజ్రాల వ్యాపారి తన పడవ చూసుకోవడానికి కుటుంబంతో వచ్చాడు. ఆయన పిల్లలు గట్టు మలుపులో దుప్పటి పరుచుకుని కూర్చున్నారు. జిగ్నేశ్ తెప్పించిన చిన్న కనెక్టర్లే ఆ పడవలో ఉన్నాయి.

చలిగా ఉంది. నా చేతులు రెండూ శాలువా లోపలున్నాయి. పడవ బాణంలా పోతోంది. ఉన్నట్టుండి మల్లేశం వేగం తగ్గించాడు. పిల్లలు కూర్చున్న వైపు కాకుండా దూరంగా తిప్పి, మెల్లగా ఒడ్డుకు తెచ్చాడు.

జిగ్నేశ్ పరుగెత్తుకొచ్చి, ఎందుకాపావని చెయ్యి తిప్పి అడిగాడు. మల్లేశం మూత తీశాడు. ఫ్యాను ఇరుసుకు మాంజా గుబురుగా చుట్టుకుని ఉంది. కనెక్టరు ప్లాస్టిక్ మెత్తబడి వంగింది, సోల్డరు జారి ఒక ముక్క సగం బయటికి వచ్చింది. ఇంకొక్క చుట్టు తిరిగితే ఊడేది. పిల్లలున్నది ఆ మలుపులోనే.

వ్యాపారి మొహం తెల్లబోయింది. జిగ్నేశ్ పెదవులు కదిపి, నీకెలా తెలిసిందని అడిగాడు.

మల్లేశం నా వైపు చెయ్యి చూపించాడు. చెవిటివాళ్ళ గొంతు గట్టిగా ఉంటుంది, చెరువంతా మోగి ఉంటుంది. "అక్క సైగ జేసింది!"

వ్యాపారి వచ్చి నాకు నమస్కారం పెట్టాడు.

నేను సైగ చేయలేదు. నా చేతులు శాలువాలోంచి బయటికే రాలేదు. నాకు మోటారు గొంతు మారినట్టు వినపడనే లేదు.

సోమవారం

ఆ రాత్రి దీపం ముందు కూర్చుంటే ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో కోడలు నన్ను అడగడం మానేసి చాలా కాలమైంది. గుడిలో గంట దూరమైనట్టు అనిపిస్తుంటే గంట మారిందేమో అనుకున్నాను. పెళ్ళికి ముందు నుంచీ నేనూ మగ్గాల నడుమ బతికినదాన్నే.

పడవ మరి ఎలా ఆగింది? మా కులదైవం మార్కండేయ స్వామే ఆపాడనుకున్నాను. పిల్లలను కాపాడి నాకొక హెచ్చరిక ఇచ్చాడనుకున్నాను. కృతజ్ఞతతో ఏడ్చాను. ఇంకోలా ఆలోచించాలని నాకు తోచలేదు.

సోమవారం హస్ముఖ్‌భాయ్‌తో చెప్పాను. "సేఠ్, నాకు వినపడతలేదు. నిన్న నేను సైగ చేయలే."

ఆయన నమ్మలేదు. నన్ను గోడ వైపు తిరగమని, వెనక బల్ల మీద మోటారు తిప్పాడు. ఇరుసుకు గుడ్డ అడ్డం పెట్టినప్పుడు చెయ్యెత్తమన్నాడు. నేను ఎత్తలేదు. ఎంతసేపటికో భుజం మీద చెయ్యి పడితే తిరిగాను. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"నువ్వు చెప్పకపోతే నేను అడిగేవాణ్ణి కాదు బెన్," అన్నాడు నా మొహానికి దగ్గరగా వచ్చి.

"పిల్లలు కూసున్నరు సేఠ్ ఆడ."

"తెలుసు. అందుకే రిమోట్ మల్లేశ్‌భాయ్‌కి ఇక ఇవ్వలేను."

నా ఉద్యోగం పోలేదు. సోల్డరుకు చెవులు అక్కర్లేదు. పోయింది వాడిది. పడవ ఎలా ఆగిందని వాణ్ణి మేమెవరమూ అడగలేదు. నేను సైగలతో చెప్పాను, అబద్ధం మీద నిలబడలేనని. మల్లేశం విన్నాడు, అంటే చూశాడు. తిట్టలేదు, ఎందుకని అడగలేదు. రిమోట్‌ను గుడ్డతో తుడిచి, డబ్బాలో పెట్టి, మర్నాటి నుంచి మళ్ళీ మగ్గాలకు పోయాడు. వాడి ఊపిరితిత్తులు చెడింది ఆ తర్వాతి రోజుల్లోనే.

మీకిది చెప్పడం నా ధర్మం. కన్ను మసకబారినా, చెయ్యి వణికినా, వేలికి వేడి తెలియకపోయినా, మీరే ముందు చెప్పండి. ఈ మాట నేను ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కానీ నాకు జరిగింది ఇంతటితో అయిపోలేదు.

వాడి కళ్ళు

హస్ముఖ్‌భాయ్ కాలం చేశాక వర్క్‌షాపు జిగ్నేశ్‌ది అయింది. తర్వాతి చలికాలం ఒక ఆదివారం, కనెక్టర్లు ముట్టి చూడటానికి నన్ను చెరువుకు రమ్మన్నారు. మగ్గాలకు సెలవుండి మల్లేశం కూడా నాతో వచ్చాడు. కొత్తగా చేరిన కుర్రవాడు పడవ నడుపుతున్నాడు. మల్లేశం దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఉన్నట్టుండి నా మోచెయ్యి తట్టి, రెండు చూపుడు వేళ్ళు కలిపి విడదీశాడు. పడవ బాగానే పోతోందని నేను తల అడ్డంగా ఊపాను. కొద్దిసేపటికి పడవ నీళ్ళ మధ్య ఆగిపోయింది, మూత సందులోంచి పొగ లేచింది. బాగుచేసి ఇంకో పడవ వదిలారు. మళ్ళీ వేళ్ళు విడదీశాడు. ఈసారి నేను పరుగెత్తి ఆపించాను. మూత తీసి కనెక్టరు ముట్టుకుంటే వేలు కాలింది.

ఎలా అని అడిగాను. వాడు చేత్తో చూపించాడు. పడవ వెనక నీళ్ళు తోకలాగా లేస్తాయి కదా. వేలు రిమోట్ మీద అంతే ఉన్నా ఆ తోక కుంగుతుంది, ముక్కు కొంచెం దిగుతుంది. మోటారు బరువు మోస్తోందని నీళ్ళు ముందే చెబుతాయి. చెవికి తెలిసేలోపే వాడి కంటికి తెలిసేది.

"ఎప్పటి సంది?" అని అడిగాను.

"మస్తు దినాలైంది అక్కా. నీకు ఇనపడుడు తగ్గినప్పటి సంది."

వాడికి నా చెవులు అక్కర్లేదు. నాకు వినపడదని నాకంటే ముందే వాడికి తెలుసు. నేను స్వామికి చెల్లించిన దండాలు ఆయనకు చేరే ఉంటాయి, కానీ ఆ రోజు పిల్లలను కాపాడినవాడు నా పక్కనే నిలబడి ఉన్నాడు.

అప్పుడే జిగ్నేశ్ దగ్గరికి పోయాను. మల్లేశానికి చెవులు అవసరం లేదని, కళ్ళతోనే నడుపుతాడని, కావాలంటే పరీక్ష పెట్టమని చెప్పాను.

జిగ్నేశ్ కసురుకోలేదు. నాకు అర్థమయ్యేలా మెల్లగా, పెదవులు విప్పి మాట్లాడాడు. "బెన్, చెవులు కావాలన్నది హస్ముఖ్ కాకా. వినపడటం లేదని చెప్పింది మీరు. ఇప్పుడు కళ్ళు చాలంటున్నారు. రేపు ఎవరి పిల్లకైనా తగిలితే, చెవిటివాడి చేతికి రిమోట్ ఇచ్చానని నన్నే అంటారు. నేను ఇవ్వలేను."

వాడిది అన్యాయమని అనలేను. పరీక్షైనా పెట్టి ఉండాల్సిందని మాత్రం అంటాను. మీలో ఎవరైనా ఒకరోజు ఆ కుర్చీలో కూర్చుంటే, పనిచేసే మనిషికి ఏది లేదో అడిగి ఊరుకోకండి. దేనితో పని చేస్తున్నాడో కూడా అడగండి.

తిరిగి వచ్చేటప్పుడు షేర్ ఆటోలో ఎదురెదురుగా కూర్చున్నాం. నేను సైగలతో అడిగాను, ఆ సోమవారమే ఎందుకు చెప్పలేదని. నేనే చూసి ఆపానని ఒక్క మాట అంటే రిమోట్ నీ దగ్గరే ఉండేది కదా అని.

మల్లేశం సైగ చేయకుండా నోటితోనే చెప్పాడు.

"గట్టు మీద నువ్వు నిలబడుతుంటివి. చెయ్యి ఎప్పుడు లేపుతవో అని నేను చూస్తుంటి. లేపకున్నా చూస్తుంటి. నీతోని పని లేదని అందరి ముంగట ఎట్ల జెప్పుదు అక్కా?"

ఆటోలో ఉన్నవాళ్ళంతా ఆ గొంతుకు ఉలిక్కిపడి తిరిగి చూశారు. నేను మాత్రం ఆ మాటలను వాడి పెదవుల మీద చూసి తెలుసుకున్నాను.